తల్లి పసిగట్టింది, యంత్రం తూచి చెప్పింది



పాలు విరిగాయో లేదో గిన్నె మూత తీయగానే చెప్పేస్తాం మనం. డబ్బాలో బియ్యం ముక్కిపోయాయనీ, పచ్చడి బూజు పట్టబోతోందనీ, పొయ్యిమీద పోపు మాడుతోందనీ పక్కగదిలో ఉండగానే మన ముక్కు మనకు చెబుతుంది. ఇంట్లో మరెవరికీ లేని ఈ విద్య ఇల్లాలికి ఎలా అబ్బిందంటే, రోజూ అదే పని కనుక. పసిబిడ్డల సంగతీ అంతే. బిడ్డ ఒంటి వాసన తల్లికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. కానీ "వీడి దగ్గర ఏదో తేడాగా ఉందండీ" అని తల్లి అంటే, "నీదంతా చాదస్తం" అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ.

అలా కొట్టిపారేసిన ఒక తల్లి మాటతో మొదలై, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే పెద్ద యంత్రం దాకా సాగిన చరిత్ర ఒకటి ఇవాళ మీకు చెబుతాను. పేరుకు నోరు తిరగకపోయినా కంగారుపడకండి. అది చేసే పని మనకు తెలిసిందే, తూకం వెయ్యడం. కాకపోతే అది తూచేది బియ్యాన్నీ బంగారాన్నీ కాదు, కంటికి కనిపించని అణువుల్ని.

నార్వే రాజధాని ఓస్లోలో బోర్గ్నీ ఎగెలాండ్ అనే ఇల్లాలు ఉండేవారు. ఆమెకు 1927లో ఒక అమ్మాయి, 1930లో ఒక అబ్బాయి పుట్టారు. పుట్టినప్పుడు ఇద్దరూ బొద్దుగా, ఆరోగ్యంగానే ఉన్నారు. నెలలు గడిచేకొద్దీ తల్లికి బెంగ పట్టుకుంది. అమ్మాయికి మూడేళ్లు వచ్చినా మాటలు సరిగా రాలేదు. అబ్బాయి పరిస్థితి ఇంకా అధ్వాన్నం. నాలుగేళ్ల వాడు నడవలేడు, మాట్లాడలేడు. ఆమె తిరగని డాక్టరు లేడు. వెళ్లిన ప్రతిచోటా ఒక మాట చెప్పేవారు, పిల్లల ఒంటినుంచీ, మూత్రంనుంచీ ఒక వింత వాసన వస్తోందని. ఎన్నిసార్లు స్నానం చేయించినా పోని ముక్క వాసన అది. ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి 1934లో ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ మాట విన్నారు. ఆయన వైద్యం చదవడానికి ముందు రసాయన శాస్త్రం చదివినవారు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ అనే మందు కలిపి చూస్తే, మామూలుగా రావలసిన రంగు రాలేదు. ముదురు ఆకుపచ్చ రంగు వచ్చింది. అది ఏ పదార్థంవల్లో ఎవరికీ తెలియదు. తల్లిని మళ్లీ మళ్లీ మూత్రం తెమ్మన్నారు. ఆమె సీసాలకు సీసాలు మోసుకొచ్చి ఇచ్చారు. లీటర్లకొద్దీ ఆ ద్రవాన్ని శుద్ధిచేసి, వారాల తరబడి కష్టపడితే చిటికెడు స్ఫటికాలు చేతికొచ్చాయి. దాని పేరు ఫినైల్ పైరూవిక్ ఆమ్లం. ఆరోగ్యవంతుల మూత్రంలో అది ఇలా కనిపించదు.

ఇంతకీ ఆ పిల్లల ఒంట్లో జరుగుతున్నదేమిటి? పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే మాంసకృత్తుల్లో ఫినైల్ అలనిన్ అనే ఒక భాగం ఉంటుంది. మన కాలేయంలో ఒక ఎంజైము దాన్ని ఒంటికి పనికొచ్చే మరో పదార్థంగా మారుస్తుంది. ఆ ఎంజైము పనిచెయ్యకపోతే అది రక్తంలో పేరుకుపోయి, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. అమ్మ పాలే బిడ్డకు చేటు చేస్తున్నట్టు లెక్క. ఫోలింగ్ బుద్ధి ఎదగని మరో 430 మందిని పరీక్షిస్తే, వారిలో 8 మందికి ఇదే జబ్బు బయటపడింది. తర్వాత దీనికి ఫినైల్ కీటోన్యూరియా అనే పేరు స్థిరపడింది. తల్లి ముక్కు తప్పు చెప్పలేదన్నమాట!

గుడ్ ఎర్త్ నవల రాసిన పెర్ల్ బక్ పేరు మీలో చాలామంది విన్నారు కదూ? 1938లో నోబెల్ బహుమతి అందుకున్న ఆ రచయిత్రి కూతురిదీ ఇదే జబ్బు. ఆ పాప 1920లో చైనాలో పుట్టింది. ఎందుకు ఎదగడంలేదో అప్పట్లో చెప్పగలిగిన వైద్యుడు ప్రపంచంలోనే లేడు. బిడ్డను జీవితాంతం పోషించాలంటే డబ్బు కావాలి. ఆమె అంత విరివిగా రాయడానికి అదీ ఒక కారణం. 1950లో ఆమె తన కూతురి గురించి పుస్తకమే రాశారు. బుద్ధి ఎదగని పిల్లలను నలుగురికీ తెలియకుండా దాచిపెట్టే రోజుల్లో ఎంతోమంది తల్లులకు ఆ పుస్తకం ధైర్యమిచ్చింది.

జబ్బు పేరు తెలిసింది, మరి మందో? ఇక్కడా ఒక తల్లి పట్టుదలే పనిచేసింది. 1950ల మొదట్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో హార్స్ట్ బికెల్ అనే డాక్టరు ఒక పాపకు ఈ జబ్బు ఉందని తేల్చారు. జబ్బు పేరు చెబితే ఆ తల్లి సరిపెట్టుకోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, నా బిడ్డకు ఏం చెయ్యబోతున్నారని నిలదీసేది. ఆ పోరు పడలేక బికెల్, జాన్ జెరార్డ్, ఎవెలిన్ హిక్మన్స్ అనే శాస్త్రజ్ఞురాలు కలిసి ఫినైల్ అలనిన్ బాగా తగ్గించిన ఆహారం తయారుచేశారు. పాప తల బాదుకోవడం మానింది. పాకడం మొదలుపెట్టింది. కళ్లలో కళ వచ్చింది. 1953లో ఈ సంగతి లోకానికి తెలిసింది. కానీ అప్పటికే మెదడుకు తగిలిన దెబ్బ మాత్రం మానలేదు. అంటే పథ్యం ఉంది, కానీ దాన్ని బిడ్డ పుట్టిన కొద్దిరోజుల్లోనే మొదలుపెట్టాలి. అప్పటికింకా బిడ్డలో ఏ లోపమూ కనిపించదే! మరి ఎలా కనిపెట్టడం?

ఈ చిక్కుముడి విప్పినవారు అమెరికాకు చెందిన రాబర్ట్ గత్రీ. ఆయన కొడుకే బుద్ధిమాంద్యంతో పుట్టాడు. భార్య తరఫు బంధువుల బిడ్డకు ఈ ఫినైల్ కీటోన్యూరియా. అందుకే ఆయన ఈ పనిలో దిగారు. పసిబిడ్డ మడమమీద చిన్న పోటు పొడిచి, రెండు మూడు రక్తపు చుక్కలు వడపోత కాగితంమీద అద్ది ఆరబెట్టడం ఆయన పద్ధతి. ఆ కాగితాన్ని కవరులో పెట్టి పోస్టులో పంపించవచ్చు. ప్రయోగశాలలో కాగితంనుంచి చిన్న బిళ్ల కత్తిరించి, ఒక రకం సూక్ష్మజీవులున్న పళ్లెంలో పెడతారు. రక్తంలో ఫినైల్ అలనిన్ ఎక్కువైతే బిళ్ల చుట్టూ ఆ సూక్ష్మజీవులు గుండ్రంగా పెరుగుతాయి. అమెరికాలో 29 రాష్ట్రాల్లో 4 లక్షల మంది పసివాళ్లను పరీక్షిస్తే 39 మందికి జబ్బు బయటపడింది. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పరీక్షను చట్టం చేసింది. అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఒక పరీక్ష ఒక్క జబ్బునే చెబుతుంది. ఇలాంటి జబ్బులేమో డజన్లకొద్దీ ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒక్కో పరీక్ష అంటే అయ్యే పనేనా?

ఇక్కడే మన తూకపు యంత్రం వస్తుంది. దాని పుట్టుక ఆసుపత్రిలో కాదు, భౌతికశాస్త్రపు ప్రయోగశాలలో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ అనే మహా శాస్త్రజ్ఞుడు 1912, 1913 ప్రాంతంలో నియాన్ వాయువుమీద ప్రయోగాలు చేస్తూ, నియాన్ పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవనీ, 20 ఎత్తువి కొన్ని, 22 ఎత్తువి కొన్ని ఉన్నట్టున్నాయనీ గమనించారు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మంచి యంత్రం తయారుచేసి ఆ సంగతి రుజువు చేశారు. అందుకు 1922లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ యంత్రం పనిచేసే తీరు మన చేట లాంటిదే. బియ్యం చెరుగుతుంటే ఊక ఎగిరి దూరంగా పడుతుంది, బరువైన గింజ చేటలోనే ఉంటుంది. ఇక్కడ గాలికి బదులు అయస్కాంతం. పరమాణువులకు కాస్త విద్యుత్తు ఎక్కించి, వేగంగా తోసి, అయస్కాంతం పక్కనుంచి పోనిస్తారు. తేలికైనవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. ఏది ఎక్కడ పడిందో చూసి బరువు చెబుతారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఇదే సూత్రాన్ని అణుబాంబుకు వాడారు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో తేలిక యురేనియాన్ని బరువు యురేనియంనుంచి వేరుచేసే యంత్రాల ముందు కూర్చుని మీటలు తిప్పినవారిలో చాలామంది హైస్కూలు చదువు పూర్తయిన అమ్మాయిలే. తాము చేస్తున్నదేమిటో వాళ్లకు చెప్పలేదు. బాంబు పడ్డాకే తెలిసింది. బాంబుకు పనికొచ్చిన విద్యే తర్వాత పసిప్రాణాలకూ పనికొచ్చింది. విద్యలో మంచిచెడ్డలుండవు, వాడేవారి బుద్ధిలో ఉంటాయంటారు, అందుకే కాబోలు.

యుద్ధం తర్వాత ఈ యంత్రం నెమ్మదిగా వైద్యులకు దగ్గరైంది. 1966లో బోస్టన్ నగరంలో అన్నాచెల్లెళ్ల వంటి ఒకే ఇంటి పిల్లలిద్దరు తరచు వాంతులతో, మగతతో ఆసుపత్రికి వచ్చేవారు. వాళ్లకు జబ్బు చేసినప్పుడల్లా ఒంటినుంచి చెమట పట్టిన పాదాల వాసన వచ్చేది. మళ్లీ వాసనే, చూశారా! కే తనాకా అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ వాళ్ల రక్తాన్ని పరీక్షకు పెట్టారు. మొదట గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే పరికరం రక్తంలోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీస్తే, తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ పదార్థం బరువూ, దాని ముక్కల బరువులూ తూచి, అది ఐసోవలెరిక్ ఆమ్లమని తేల్చింది. అంతవరకు వైద్యగ్రంథాల్లో లేని జబ్బు అది. ఫోలింగ్‌కు లీటర్ల మూత్రం, వారాల శ్రమ కావలసి వచ్చిన పని ఇప్పుడు కొద్దిపాటి నమూనాతో సాధ్యమైంది.

ఇక ఈ యంత్రం ఒక తల్లిని చెరనుంచి విడిపించిన సంగతి వినండి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం. 1989 జూలైలో పెట్రీషియా స్టాలింగ్స్ అనే ఆవిడ వాంతులతో, ఆయాసంతో ఉన్న మూడు నెలల కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్లింది. రక్తపరీక్ష చేసి, కారు రేడియేటర్లో పోసే ఎథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉందన్నారు. తల్లే పట్టించిందని అనుమానించి బిడ్డను వేరేవారి సంరక్షణలో ఉంచారు. సెప్టెంబరులో ఆమె చూడడానికి వెళ్లి సీసాతో పాలు పట్టిన కొద్దిరోజులకు బిడ్డకు మళ్లీ జబ్బు చేసింది. ఈసారి దక్కలేదు. హత్యానేరం మోపి తల్లిని జైల్లో పెట్టారు. అప్పటికామె గర్భవతి. 1990 ఫిబ్రవరిలో నిర్బంధంలో ఉండగానే రెండో కొడుకు పుట్టాడు. పుట్టగానే ఆ బిడ్డనూ తల్లికి దూరం చేశారు. తల్లి చెయ్యి తగలని ఆ బిడ్డకూ కొద్దివారాల్లో అవే లక్షణాలు! పరీక్షిస్తే మిథైల్ మెలోనిక్ అసిడీమియా అనే పుట్టుజబ్బని తేలింది. అయినా పెద్దబిడ్డ విషయంలో కోర్టు మనసు మారలేదు. 1991 జనవరిలో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది.

ఈ సంగతి సెయింట్ లూయీ విశ్వవిద్యాలయంలో విలియం స్లై, జేమ్స్ షూమేకర్ అనే శాస్త్రజ్ఞులకు తెలిసింది. చనిపోయిన బిడ్డ రక్తపు నమూనా ఇంకా భద్రంగా ఉంది. షూమేకర్ దాన్ని తిరిగి పరీక్షించారు. అందులో విషం లేదు. ఉన్నది మిథైల్ మెలోనిక్ ఆమ్లం. తమ్ముడి జబ్బే అన్నదీ. మరి మొదటి పరీక్ష ఎందుకు తప్పింది? పదార్థాలను విడదీసే పరికరంలో ఏది ఎంతసేపటికి బయటికి వచ్చిందో చూసి పేరు పెడతారు. రోజూ ఆరుగంటలకు తలుపు తడితే పాలబ్బాయే అనుకుంటాం కదా, ఒకనాడు అదే వేళకు పేపరబ్బాయి తట్టవచ్చు. ఈ జబ్బులో పుట్టే ప్రొపియోనిక్ ఆమ్లం దాదాపు విషం వచ్చే వేళకే బయటికి వస్తుంది. తలుపు తీసి మొహం చూడడం వంటిది మాస్ స్పెక్ట్రోమీటర్ పని. యేల్ విశ్వవిద్యాలయ నిపుణుడు పియెరో రినాల్డో కూడా ఇదే మాట అన్నారు. 1991 సెప్టెంబరులో ప్రాసిక్యూటరు కేసు ఎత్తేసి ఆమెకు క్షమాపణ చెప్పారు. బిడ్డ పోయిన దుఃఖాన్ని తీర్చుకోవడానికి కూడా ఆ తల్లికి వ్యవధి ఇవ్వలేదు లోకం.

ఈ జబ్బులు పుట్టగానే తెలిసిపోతే ఇంత గొడవ ఉండదు కదా అనిపిస్తుంది ఎవరికైనా. ఆ పనికి పూనుకున్నవారు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లింగ్టన్. ఆయన బృందం ఒకటికి రెండు తూకపు యంత్రాలను వరసగా కలిపి వాడింది. మొదటిది ఒక బరువున్న అణువుల్ని ఏరుతుంది. మధ్యలో వాటిని ఒక వాయువుతో ఢీకొట్టించి ముక్కలు చేస్తారు. రెండోది ఆ ముక్కల్ని తూస్తుంది. పైపైన చూస్తే కొబ్బరికాయలన్నీ ఒకటే, పగలగొడితేనే లోపలి సంగతి తెలుస్తుంది, అలాగన్నమాట. గత్రీగారి ఎండిన రక్తపు బిళ్లను ఈ జంటయంత్రానికి ఇచ్చి అనేక జబ్బులను ఒకేసారి చూడవచ్చని 1990లో ఆ బృందం చూపించింది. 1997లో నార్త్ కరోలినా రాష్ట్రం పుట్టిన పిల్లలందరికీ ఈ పద్ధతిలో పరీక్ష మొదలుపెట్టింది. ఒక బిడ్డ నమూనాను చూడడానికి యంత్రానికి రెండు మూడు నిమిషాలు చాలు.

ఇలా తెలిసే జబ్బుల్లో ఎంకాడ్ లోపం ఒకటి. ఒంట్లోని కొవ్వును కరిగించి శక్తిగా మార్చుకోవడం ఈ పిల్లలకు చేతకాదు. వేళకు తింటున్నంతకాలం బాగానే ఉంటారు. జ్వరమొచ్చి రాత్రంతా ఏమీ తినకపోతే తెల్లవారేసరికి ప్రాణం మీదికొస్తుంది. కారణం తెలియని పసిమరణాల్లో కొన్ని ఇవేనని తర్వాత అర్థమైంది. దీనికి ముఖ్యమైన వైద్యమేమిటో తెలుసా? బిడ్డను ఆకలితో ఎక్కువసేపు ఉంచకపోవడం! అంత చిన్న జాగ్రత్త, కాకపోతే ముందుగా తెలియాలి. ఈ లోపం ఉత్తర ఐరోపా సంతతివారిలో ఎక్కువ.

ఈ యంత్రం ఒక్క పసిపిల్లలకే పరిమితం కాలేదు. జపాన్‌లో షిమాద్జు కంపెనీ ఇంజనీరు కోయిచి తనాకా 1985లో ఒక పొడిని పొరపాటున వేరే ద్రవంలో కలిపేశారు. ఈయన, ఇందాకటి తనాకా వేర్వేరు మనుషులు. ఖరీదైన పొడి పారబోయడం దండగని, మన ఇళ్లలో మాడిన కూరను ఎలాగో సర్దినట్టు, దాంతోనే ప్రయోగం చేశారు. పెద్ద పెద్ద ప్రోటీన్ అణువులను చెడకుండా తూచే దారి దొరికింది! డాక్టరేటు లేని ఆ ఉద్యోగికి 2002లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆ కోవలోనే జర్మన్ శాస్త్రజ్ఞులు పెంచిన పద్ధతితో ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో, పెంచిన సూక్ష్మజీవి ఏ జాతిదో నిమిషాల్లో చెబుతున్నారు. సరైన మందు త్వరగా పడడానికి అది ఎంతో సాయం.

మరి మన సంగతి? 2000 ప్రాంతంలో హైదరాబాదులో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పిల్లలను ఇటువంటి పుట్టుజబ్బుల కోసం పరీక్షించారు. అందులో థైరాయిడ్ లోపం సుమారు 1,700 మందిలో ఒకరికి కనిపించింది. దానికి పరీక్ష వేరే పద్ధతిలో చేస్తారు గానీ కావలసింది ఆ మడమ రక్తమే. వేళకు మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరు పిల్లల్లాగే ఎదుగుతాడు.

మన వైపు మేనరికాలు ఎక్కువ కదా, ఈ మాట కాస్త శ్రద్ధగా వినండి. ఇవాళ నేను చెప్పిన జీవక్రియ జబ్బుల్లో చాలావాటికి తల్లి దగ్గరనుంచి ఒకటి, తండ్రి దగ్గరనుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిసి రావాలి. ఒక్కటే ఉన్న తల్లిదండ్రులకు ఏ బాధా ఉండదు, తమలో లోపం ఉన్నట్టే తెలియదు. అలాంటి ఇద్దరికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. ఒకే వంశంవారు పెళ్లాడితే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. కనుక ఇంట్లో పసిబిడ్డ పోతే "కోడలి కడుపు మంచిది కాదు, ఆవిడ పాలు పడలేదు" అని అనడం అన్యాయం. సగం పాలు అబ్బాయిదీ ఉంది. దృష్టి తగిలిందనీ, దోషమనీ వంక పెట్టి ఊరుకుంటే వచ్చే బిడ్డకూ అదే గతి పట్టవచ్చు.

మీ ఇంట్లో పురుడు రాబోతుంటే ముందుగానే డాక్టరుగారిని అడగండి, మడమ రక్తపు పరీక్ష ఇక్కడ చేస్తారా, ఏయే జబ్బులకు చేస్తారు అని. మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లోనూ అడక్కుండానే చేసే పరీక్ష కాదిది. పుట్టిన రెండు మూడు రోజుల్లో చేయిస్తే మంచిది. తేడా ఉందన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, మళ్లీ పరీక్షించి నిర్ధారిస్తారు. ఇంట్లో ఇదివరకు కారణం తెలియకుండా పసివాళ్లు పోయి ఉంటే ఆ సంగతి దాచకండి. పాలు తాగని బిడ్డ, ఊరికే వాంతులు చేసుకునే బిడ్డ, లేపినా లేవకుండా మగతగా ఉన్న బిడ్డ, ఒంటినుంచి వింత వాసన వచ్చే బిడ్డ కనిపిస్తే ఆ పూటే తీసుకెళ్లండి. పెద్దవాళ్లు నవ్వినా, డాక్టరు విసుక్కున్నా మీకు తోచింది చెప్పండి. ఓస్లోలో ఆ ఇల్లాలు చెప్పడం మానేసి ఉంటే ఆ జబ్బు ఇంకెన్నాళ్లకు బయటపడేదో!